మార్నింగ్ షోకు నాతో వచ్చిన గొంతు

సినిమా చూసి బయటికొచ్చిన వాళ్ళ మూతి ముందు మైకు పెట్టి "ఎట్లుంది?" అని అడిగే ఆచారం సినిమా హాళ్ళు కిక్కిరిసిన మా క్రాస్ రోడ్స్‌లోనే పుట్టిందని నా నమ్మకం. కాదని ఎవరైనా రుజువు చూపించినా ఒప్పుకోను. పెళ్ళై చిక్కడపల్లికి వచ్చిన కొత్తల్లో సినిమా బాగోగులు పాన్ డబ్బా దగ్గర తేల్చేవాళ్ళు, ఇప్పుడు మైకులో తేలుస్తున్నారు. మా వదినకు, అంటే మా ఆయన అక్కకు, ఆ మైకంటే ప్రాణం. ఆమె ఉండేది నారాయణగూడలో. కొత్త సినిమా వచ్చిన వారంలో ఏదో ఒక రోజు నన్ను మార్నింగ్ షోకు లాక్కుపోతుంది. ఆట వదిలాక మైకు కనబడితే చాలు, కొంగు సర్దుకుని తనే ఎదురెళ్తుంది. నేను ఆమె వెనకాల దాక్కుంటాను. బతుకంతా లెక్కల టీచరుగా బోర్డు ముందు నిలబడి అరిచినదాన్నే అయినా కెమెరా అంటే నాకు బెరుకు.

బెరుకు వేరు, భయం వేరు. ఆ తేడా నాకు ఒక మార్నింగ్ షో రోజున తెలిసింది.

అప్పటికి మా అబ్బాయికి సర్కారు కొలువు వచ్చింది. వచ్చింది అనడానికి లేదు, వచ్చినట్టే ఉంది. ఎన్నో ఏళ్ళు లైబ్రరీలో బెంచీలు అరగదీశాడు. సొంత ఇల్లు పక్కనే ఉన్నా అశోక్ నగర్ స్టడీ రూముల్లో, ఊళ్ళనుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండే పిల్లలతో కలిసి, చాయ్ మీద చాయ్ తాగుతూ చదివాడు. చివరికి సెలెక్షన్ లిస్టులో వాడి నంబరు పడింది. ఇక మిగిలింది పోలీసు వెరిఫికేషన్. పిల్లవాడి మీద ఎక్కడైనా కేసులున్నాయా అని విచారించి కాగితం పంపితేగాని ఆర్డరు చేతికి రాదు. ఆ హాస్టళ్ళలో ఈ వెరిఫికేషన్ మీద చెప్పుకోని కథ లేదు. ఎవడో ఎప్పుడో కాలేజీలో కొట్లాడితే పడ్డ కేసుకు కొలువు పోయిందట, ఇంకెవడో ఫోను ఎత్తకపోతే ఆచూకీ లేదని రాసేశారట. మా వాడు ఆ కథలన్నీ మోసుకొచ్చి నా నెత్తిన పోశాడు. వాడు తన కాలేజీ నుంచి బోనఫైడ్ కాగితం తెచ్చుకోవడానికి వరంగల్ పోతూ, గడపలో చెప్పులేసుకుంటూ చెప్పిన మాట ఇది.

"అమ్మా, వెరిఫికేషనోళ్ళు ఫోన్ చేస్తే చెయ్యొచ్చు. నీ నంబర్ గూడ ఇచ్చిన. జర ఎత్తు."

ఆ రోజునుంచి నేను ఫోను స్నానానికి కూడా వెంట తీసుకుపోయాను.

ఆ ఫోను రానే వచ్చింది. పొద్దున్నే, పప్పు కుక్కర్‌లో పెట్టి కూర్చున్నప్పుడు, వీడియో కాల్. అవతల ఖాకీ డ్రెస్సులో ఒక మనిషి, వెనకాల గోడకు ఏవో గుర్తులు, జెండా. నా నంబరు మీద ఫిర్యాదు వచ్చిందన్నాడు. నేను లేచి నిలబడ్డాను. కొంగు భుజం మీద కప్పుకుని, "వెరిఫికేషన్ గురించేనా సార్?" అని అడిగాను.

అతను ఒక్క క్షణం ఆగాడు. "అవునమ్మా, అదే" అన్నాడు.

ఇప్పుడు తలచుకుంటే ఆ ఒక్క క్షణంలోనే అంతా ఉంది. వాడికి మా వాడి సంగతే తెలియదు. గాలం నేనే అందించాను, ఎర కూడా నేనే గుచ్చి ఇచ్చాను. ఆ తర్వాత అడిగిందల్లా చెప్పుకుంటూ పోయాను. మా వాడి పేరు, తండ్రి పేరు, ఏ ఉద్యోగం, ఏ కాలేజీ, అన్నీ. అన్నీ విని, అప్పుడు చెప్పాడు. మా వాడి పేరు మీద వేరే రాష్ట్రంలో ఒక పార్సెల్ దొరికిందట, అందులో మత్తుమందులున్నాయట. అది ఫైలుకెక్కితే ఉద్యోగం సంగతి మరిచిపోవచ్చట. ఎక్కకుండా ఉండాలంటే మా ఇంటి డబ్బుకు ఆ పార్సెల్‌తో సంబంధం లేదని తేలాలి. బ్యాంకులో ఉన్నది మొత్తం వాళ్ళు చెప్పిన ఖాతాకు పంపితే, చూసుకుని సాయంత్రానికి తిరిగి పంపిస్తారట. అంతవరకు నేను ఫోనులోనే అరెస్టులో ఉన్నట్టు. కాల్ ఆపకూడదు. ఎవరికీ, కొడుక్కి కూడా, చెప్పకూడదు. చెబితే సాక్ష్యాలు తారుమారు చేసిన కేసు అదనం.

క్లాసులో పిల్లలు అబద్ధమాడితే చెవులు చూసి కనిపెట్టేదాన్ని నేను. అబద్ధం చెప్పే పిల్లల చెవులు ఎర్రబడతాయి. ఆ రోజు అతని చెవుల వంక చూడాలని కూడా తోచలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు. కుక్కర్ కూతలు వేస్తుంటే స్టవ్ ఆపడానికి కూడా "సార్, ఒక్క నిమిషం" అని పర్మిషన్ అడిగాను.

సరిగ్గా అప్పుడే బెల్లు మోగింది. గుమ్మంలో వదిన, చేతిలో గొడుగు, నెత్తిన మల్లెపూలు.

"తయారైనవా? ఆటో ఆపి వచ్చిన. పా, టైటిల్స్ పోతయి."

సినిమాకు పోదామనుకున్న సంగతే నా బుర్రలో లేదు. వంటింట్లోకి వెళ్ళి ఫోను నోటి దగ్గర పెట్టుకుని, "సార్, మా వదిన వచ్చింది. సినిమాకు పోవాలె. ఏం జెయ్యమంటరు?" అని గుసగుసగా అడిగాను. అటునుంచి గొంతు నెమ్మదిగా పలికింది.

"వెళ్ళండి. రానంటే ఆమెకు అనుమానం వస్తుంది. మామూలుగా ఉండండి. వీడియో ఆపి ఫోను బ్యాగులో పెట్టుకోండి. కాల్ మాత్రం ఆపకండి, మేం వింటూనే ఉంటాం. సినిమా కాగానే నేరుగా బ్యాంకుకు. ఛార్జింగ్ ఎంత ఉంది?"

ఫుల్లుగా ఉందని చెప్పాను, హోంవర్క్ చూపించే పిల్లలా.

ఆటోలో బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఫోను వేడెక్కి ఆ వేడి చీర దాటి తొడకు తగులుతోంది. వదిన ఆగకుండా మాట్లాడుతోంది, మా వాడి పెళ్ళి సంబంధాల గురించి, వాడికి వచ్చే సర్కారు క్వార్టర్ గురించి, నారాయణగూడ ఫ్లైఓవర్ కింద పెట్టిన కొత్త టిఫిన్ బండి గురించి. ప్రతి మాటా బ్యాగులోకి పోతోందని నాకు తెలుసు. ఆమె నోరు ఎలా మూయించాలో తెలియక చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"ఏందే, గట్లున్నవ్? చేతులు సల్లగైనయి. షుగర్ పడిపోయిందా?"

"తలనొప్పి వదినా" అన్నాను.

థియేటర్ గేటు దగ్గర బ్యాగులు తెరిచి చూసే ఆవిడ నా బ్యాగు జిప్పు లాగింది. లోపల ఫోను వెలుగుతోంది, కాల్ ఎంతసేపటినుంచి నడుస్తోందో అంకెలు మారుతున్నాయి. "అమ్మా, ఫోన్ బంద్ చెయ్యలే నువ్వు, నడుస్తున్నది చూడు" అందావిడ మంచిమనసుతో. "తెలుసు, తెలుసు" అంటూ బ్యాగు లాక్కున్నాను. దొంగను నేనే అయినట్టు ఆవిడ నన్ను కిందికీ పైకీ చూసింది.

ఆ సినిమా మోసగాళ్ళ కథ. నాటకాలు మూతబడ్డ ఒక ముసలి నటుడు, అతని మేనకోడలు ట్రంకుపెట్టెలో మిగిలిన వేషాలు వేసుకుని ఊళ్ళ మీద పడతారు. నాకు బాగా గుర్తున్న సీను ఒకటే. ముసలి నటుడు పోలీసు వేషంలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్ ఇంటికి వస్తాడు. "మీ ఇల్లు దొంగసొత్తని కంప్లైంటు వచ్చింది" అంటాడు. "ఇల్లు దొంగసొత్తు ఎట్లా అవుతుందండీ?" అని హెడ్మాస్టర్ అడుగుతాడు. "మేమూ ఆశ్చర్యపోయాం. అందుకే విచారణ" అంటాడు ఇతను. ఇంకేముంది, హెడ్మాస్టర్ పంచె ఎగ్గట్టి, తన సామాను తనే మోసుకొచ్చి వాళ్ళ వ్యాను ఎక్కిస్తాడు. మధ్యలో వాళ్ళకు మజ్జిగ ఇస్తాడు. కిటికీ పరదాలు కూడా విప్పి, మడతపెట్టి ఇస్తాడు. పోతూ పోతూ దొంగ వెనక్కి తిరిగి, "ఎవరికీ చెప్పకండి. తెలిస్తే ఇల్లు పరారవుతుంది" అంటాడు. హెడ్మాస్టర్ తల ఊపి, ఖాళీ ఇంటికి కాపలాగా అరుగు మీద కూర్చుంటాడు.

హాలు హాలంతా విరగబడి నవ్వింది. ఈలలు. వదిన నా భుజం మీద కొట్టి కొట్టి నవ్వింది, కళ్ళనీళ్ళు తుడుచుకుంది. మామూలుగా ఉండమన్నాడు కదా అని నేనూ నవ్వాను. అందరూ ఆపేశాక కూడా నవ్వుతున్నానని ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూస్తే తెలిసింది. తెర మీద అరుగు మీద కూర్చున్న ఆ మనిషిని చూస్తే నాకు ఏడుపొచ్చింది.

ఇంటర్వెల్‌లో వదిన సమోసాలకు వెళ్ళింది. నేను బాత్రూములో తలుపు గడియ పెట్టుకుని ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను.

"మేడం, ఉన్నారా?"

"ఉన్న సార్."

"ఎందుకు అంతగా నవ్వుతున్నారు జనం?"

"సినిమాల దొంగ పోలీసు ఉన్నడు సార్" అని, అన్నాక నాలుక కరుచుకున్నాను.

అతను నవ్వాడు. పెళ్ళిళ్ళలో బాబాయిలు నవ్వే నవ్వు, మంచి నవ్వు.

"అదా! విన్నాను. ఇల్లు పరారవుతుందన్న డైలాగు బాగుంది మేడం. కానీ ఆ మజ్జిగ తాగడం ఓవర్ అయింది. అసలు పోలీసులు అంత మెత్తగా ఉండరు." మళ్ళీ తనే అడిగాడు. "చివరికి దొరుకుతాడా?"

"తెల్వదు సార్. ఇంక సగమే అయింది."

"సరే. అబ్బాయి ఉద్యోగం గుర్తుంచుకోండి" అని గొంతు మళ్ళీ ఖాకీ డ్రెస్సు తొడుక్కుంది.

అతను బెదిరించినప్పుడు కన్నా నవ్వినప్పుడు నాకు ఎక్కువ భయమేసింది. ఇది మోసమని నాకు అక్కడే, ఆ ఫినాయిల్ వాసనలో నిలబడే తెలిసింది. తెలిసినా భయం తగ్గలేదు, ఇది ఎవరికి చెప్పినా నమ్మరు. మోసమైతే పోయేది మేం దాచుకున్నది. మోసం కాకపోతే పోయేది నా బిడ్డ బతుకు. లెక్కల టీచరును కదా, రెండూ తూకం వేశాను. ఎన్నిసార్లు వేసినా భయంవైపే ముల్లు మొగ్గింది. ఒకవేళ నిజమైతే? సెకండాఫ్‌లో ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. చీకట్లో కూర్చుని బ్యాంకులో ఏ కౌంటర్ దగ్గరికి పోవాలి, మేనేజరు ఎందుకని అడిగితే ఏ అబద్ధం చెప్పాలి అని ఆలోచించాను.

ఆట వదిలాక బయట ఎండ కళ్ళలో పొడిచింది. మెట్ల కింద మైకులు సిద్ధంగా ఉన్నాయి. ఒక అమ్మాయి మైకు పట్టుకుంది, ఆమె వెనక కెమెరా. అశోక్ నగర్ హాస్టళ్ళ పిల్లలే కాబోలు, నలుగురైదుగురు ఆమె చుట్టూ మూగారు.

"కామెడీ కిరాక్ ఉంది అక్క. సెకండాఫ్ జర ల్యాగు."

"పైసా వసూల్. ముసలాయన యాక్టింగ్ మస్తుంది."

కళ్ళజోడు పెట్టుకున్న ఇంకొకడు పెదవి విరిచాడు. "ఆ హెడ్మాస్టర్ సీన్ల లాజిక్ లేదక్క. ఈ కాలంల గట్ల ఎవడు నమ్ముతడు? గింత ఎడ్డోళ్ళు ఉంటరా?"

వదిన అప్పటికే కొంగు సర్దుకుని మైకు ముందుకు చేరింది. "నవ్వలేక సచ్చిన బిడ్డా! గని ఆ హెడ్మాస్టర్‌కు జర్రంత గూడ తెలివి లేదు. నా ఇంటికొస్తే చెప్పు తీస్కొని కొడ్తుంటి."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఆమె వెనకాల నిలబడి, రోడ్డు మీద ఖాళీ ఆటో కోసం చూస్తున్నాను. బ్యాంకు అశోక్ నగర్ దారిలో. వదినకు మందుల షాపుకు పోవాలని చెప్పి తప్పించుకుందామని నిర్ణయించుకున్నాను. అంతలో మైకు ఆమెను దాటుకుని నా నోటి ముందుకు వచ్చింది.

"ఆంటీ, మీకెట్లనిపించింది? మీరు చెప్పండి."

ఏమీ చెప్పకుండా పోవాల్సింది. బాగుంది అని ఒక్క ముక్క అనేసినా సరిపోయేది. కానీ నాకు కోపం వచ్చింది. ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. ఆ కళ్ళజోడు పిల్లవాడి మీద, వదిన మీద, హాలు మొత్తం మీద కోపం. అరుగు మీద ఒంటరిగా కూర్చున్న ఆ మనిషిని అన్ని మాటలంటారా?

"ఎవల్ని ఎడ్డోళ్ళంటున్నరు?" అన్నాను. నా గొంతు వెనక బెంచీ దాకా వినబడే టీచరు గొంతు. "నమ్ముతరు. భయపెడితే ఎవలైనా నమ్ముతరు. మీ అమ్మ గూడ నమ్ముతది బిడ్డా, నీ కొలువు పోతదని చెప్తే. నేను నమ్మిన. పొద్దటి సంది నమ్ముతనే ఉన్న. ఆయన ఇగో, ఈ బ్యాగుల ఉన్నడు."

పిల్లలు గొల్లుమన్నారు. "ఆంటీ సూపర్!" అని ఎవడో ఈల వేశాడు. మైకు అమ్మాయి కూడా నవ్వు ఆపుకోలేక, "ఎన్ని స్టార్లు ఇస్తరు ఆంటీ?" అని అడిగింది.

వదిన నవ్వలేదు. ఆమె నా ముఖం వంక చూడలేదు, బ్యాగు పట్టుకున్న నా చేతుల వంక చూసింది. ఆ చేతులు ఎంత వణుకుతున్నాయంటే బ్యాగు జిప్పు గలగల చప్పుడు చేస్తోంది. బ్యాగు లాక్కుని, ఫోను తీసి, నడుస్తున్న కాల్ చూసి, చెవికి పెట్టుకుంది.

"హలో. ఎవల్రా నువ్వు?"

కాల్ కట్ అయింది.

నేను అక్కడే మెట్ల మీద కూలబడ్డాను. పీడ వదిలిందన్న ఊరట ఇసుమంతైనా రాలేదు. "వదినా, పిలగాని కొలువు పోయింది. నా నోటితో నేనే పోగొట్టిన" అని ఏడ్చాను. ఆమె నా పక్కనే కూర్చుని, ఒక చేత్తో నన్ను పట్టుకుని ఇంకో చేత్తో మా వాడికి ఫోన్ కలిపింది. వాడు అంతా విని, "అమ్మా, పోలీసోళ్ళు వీడియోల అరెస్టు చెయ్యరే. మనిషి ఇంటికొస్తడు" అన్నాడు. ఆ చిన్న మాట పొద్దున ఎవరైనా చెప్పి ఉంటే, అనుకున్నాను. ఎవర్నీ అడగనివ్వకపోవడమే కదా ఆ ఫోనువాడి పనితనం. స్టేషన్‌కు వెళ్ళి ఫిర్యాదు ఇచ్చి వచ్చాం.

సాయంత్రానికి ఆ మైకు వీడియో ఫోన్లలోకి ఎక్కింది. వదిన కళ్ళద్దాలు పెట్టుకుని కింద జనం రాసినవన్నీ చదివి వినిపించింది. ఆంటీ యాక్టింగ్ అదుర్స్ అట. ఇది పెయిడ్ ప్రమోషన్, ఆంటీకి బాగానే ముట్టినట్టుంది అని ఒకడు. స్క్రిప్టు బాగుంది కానీ లాజిక్ లేదు, ఫోను బ్యాగులో పెట్టుకుని సినిమాకు ఎవరు పోతారు అని ఇంకొకడు. "వీని నోట్ల మన్నువడ" అంటూ వదిన ఒక్కొక్కరికీ జవాబు రాయబోతే ఫోను లాగేసుకున్నాను. హెడ్మాస్టర్ మీద ఇచ్చిన తీర్పే నా మీదా ఇచ్చారు.

భయం మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. ఫోను మోగితే ఉలిక్కిపడేదాన్ని. ఆ ఫోనువాడికి మా వాడి పేరు తెలుసు, కాలేజీ తెలుసు, అన్నీ నేనే చెప్పాను. పగబట్టి నిజంగానే ఏదైనా కాగితం పుట్టిస్తే? మా వాడు నవ్వి కొట్టిపారేసేవాడు, కానీ వాడూ లోలోపల వెరిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నాడని అన్నం కెలికే తీరు చూస్తే తెలిసేది.

ఒక మధ్యాహ్నం బెల్లు మోగింది. తలుపు సందులోంచి చూస్తే మామూలు చొక్కా వేసుకున్న నడివయసు మనిషి, చంకలో ఫైలు. "వెరిఫికేషన్‌కు వచ్చిన అమ్మా" అన్నాడు. తలుపుకు గొలుసు తగిలించి, కార్డు చూపించమన్నాను. చూపించాడు. మా వాడు వెనకనుంచి "అమ్మా, తియ్యి, ఏమనుకుంటడు" అని గొణుగుతున్నా వినకుండా, అతన్ని ఎండలో నిలబెట్టి, స్టేషన్‌కు ఫోన్ చేయించి కనుక్కున్నాకనే గొలుసు తీశాను. లోపలికి వచ్చి కూర్చున్నాక మళ్ళీ కార్డు అడిగాను. మళ్ళీ చూపించాడు.

నీళ్ళు తాగి, ఫైలు తెరిచి, మా వాడి పుట్టిన తేదీ, చదువు అడిగాడు. అవి వాడే చెప్పుకున్నాడు. ఆ తర్వాత పెన్ను పట్టుకుని నా వైపు తిరిగాడు.

"మీ బాబు మీద ఎక్కడన్న కేసులున్నయా అమ్మా?"

లేవు. రెండక్షరాలు. నా నోట్లోంచి రాలేదు. వేరే రాష్ట్రంలో పార్సెల్, మత్తుమందులు, ఆ గొంతు, ఆ నవ్వు, అన్నీ వచ్చి గొంతులో అడ్డం పడ్డాయి. అతని పెన్ను కాగితం మీద ఆగిపోయింది. తల్లి ఎందుకు తడబడుతోందని అతను అనుకుంటున్నాడా? మా వాడి ముఖం పాలిపోయింది. ఇన్నేళ్ళ చదువూ నా నాలుక చివర వేలాడుతోంది, నాలుక కదలడం లేదు. చివరికి నేను అన్న మాట ఇది.

"కార్డు ఇంకోసారి చూపియ్యరా?"

"అమ్మా!" అన్నాడు మా వాడు.

అతను విసుక్కోలేదు. జేబులోంచి కార్డు తీసి, ఈసారి నా ముందు బల్ల మీద పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మీ దగ్గరనే ఉంచుకోండి. పోయేటప్పుడు తీస్కుంట" అన్నాడు. నేను కార్డు చేతిలోకి తీసుకున్నాను. ఫోటో చూశాను, మనిషిని చూశాను. చెవులు కూడా చూశాను.

"లేవు. నా కొడుకు మీద ఏ కేసూ లేదు" అన్నాను.

అతను రాసుకున్నాడు, పోతూ కార్డు తీసుకున్నాడు. ఆ రోజంతా ఫోనులో గొంతును సార్, సార్ అని పిలిచినదాన్ని, ఎండలో నిలబెట్టిన ఆ మనిషిని ఒక్కసారి కూడా సార్ అనలేదని, అతను వెళ్ళి మెట్లు దిగాక గుర్తొచ్చింది. వరండాలోకి పరుగెత్తాను. అప్పటికే బండి వీధి మలుపు తిరిగింది.